బేసిను మీద పేరు

కిందటి వారం నన్ను బేకరీ గుమ్మంలో వదిలేశాను. ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. తెరిచిన నోరు ఇంకా మూయలేదు.

మధ్యలో వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నా పేరు సాయిలక్ష్మి. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్తాను. మా అత్తగారు పుష్పవతిగారు రిటైరైన నర్సు, చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, మా వీధి చివర బెల్టు షాపు ఎత్తించేదాకా నడిరోడ్డు మీద చాప వేసుకుని కూర్చున్న మనిషి. ఆవిడకి లోకంలో రెండే పట్టింపులు. ఒకటి తాగుడు, రెండోది వాళ్లమ్మగారి క్రిస్మస్ బిస్కెట్లు. మొదటిదాంతో నాకు పేచీ లేదు. రెండోదే నా ప్రాణం తీసింది.

నేను ఈ ఇంటికొచ్చి ఆరేళ్లయింది. ఆవిడకి బీపీ మాత్రలు తెచ్చిపెట్టాను, కళ్లాపరేషనప్పుడు ఆస్పత్రిలో పడుకున్నాను, ఆవిడ సమాజంలో చదివే రిపోర్టులన్నీ నేనే రాసిపెట్టాను. కానీ ఆ బిస్కెట్ల పిండిలో ఒక్కనాడు వేలు పెట్టనిచ్చింది లేదు. "మీ ఇళ్లల్లో ఇవి చెయ్యరు కదమ్మా" అనేవారు, ఎంతో ప్రేమగా. నిజమే, మాది ఎస్. రాయవరం పక్క వ్యవసాయం చేసుకునే హిందువుల ఇల్లు. మా అమ్మ పోకుండలు చేస్తుంది, అరిసెలు చేస్తుంది, బిస్కెట్లు చెయ్యదు. అయితే మాత్రం? పెళ్లయ్యాక చర్చిలో పాటలు నేర్చుకోలేదూ? పాటలొచ్చినదానికి పిండి రాదా? క్రిస్మస్ వస్తోందంటే చాలు, నేను జీడిపప్పు బద్దలు చేసే కూలిమనిషిని అయిపోతాను. అందరూ తిని "పుష్పవతిగారి చేతి మహిమ" అంటారు. నేను ఖాళీ పళ్లేలు ఎత్తుతాను. ఒక్కసారంటే ఒక్కసారి "ఇవి నా కోడలు చేసింది" అని నలుగురి ముందూ ఆవిడ నోటంట వినాలని నా కోరిక. చిన్న కోరికే, ఒప్పుకుంటాను. తీరకపోతే చిన్నదే పెద్దదవుతుంది.

ఈ ఏడు పెరట్లో కాలు జారి ఆవిడ కుడి మణికట్టు బెణికింది. పట్టీ కట్టారు. ఇంక గతిలేక నన్ను పీట మీద కూర్చోబెట్టి, తను కుర్చీలో కూర్చుని పాళ్లు చెప్పారు. నేను కలిపాను. పొంగిపోయాను కూడా. ఆ పిండిని నిన్న బేకరీకి తీసికెళ్లి ఇచ్చాను. మా ఊళ్లో డిసెంబరు సగం దాటిందంటే బేకరీల ముందు బేసిన్లు బారులు తీరతాయి. ఎవరి పాళ్లతో వాళ్లు ఇంట్లో పిండి కలుపుకుని తెస్తే, బేకరీవాళ్లు బిళ్లలు కొట్టి, బట్టీలో కాల్చి, మళ్లీ మన బేసిన్లోనే పోసి, గుడ్డ కప్పి ఇస్తారు. ఈ మధ్యాహ్నం తెచ్చుకుందామని వెళ్తే మా బేసిను లేదు.

అదీ సంగతి. ఇంక నోరు మూసుకుని, మళ్లీ తెరిచి, బట్టీ దగ్గరుండే కొండన్నని పట్టుకున్నాను.

మా బిస్కెట్లు ఎవరికిచ్చావయ్యా అంటే అతను పెద్ద కంగారు పడలేదు. పొద్దున్నే వెళ్లిపోయాయన్నాడు. ఆటో అతను వచ్చి సువార్తమ్మగారివి అని అడిగాడట. ఆ పేరుతో రెండు బేసిన్లున్నాయట, రెండూ ఎత్తి ఆటోలో పెట్టాడట. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మా బేసిను మీద సువార్తమ్మగారి పేరెందుకుంటుంది, నేను తెచ్చి నీ చేతికే ఇచ్చాను కదా, నన్ను చూశావు కదా అని గొంతు పెంచాను.

"పొద్దుట్నించి ఇంతమంది తెస్తారు, మొకాలు గుర్తెట్టుకుంటే అవుతాదేటి టీచరమ్మా? బేసిను మీద పేరు సూడాల, ఇచ్చీయాల. పేరు సూసేను, ఇచ్చీసేను. మీ పేరున్న బేసినులో తేవాల గానీ, వొకలి పేరున్నది తెచ్చీసి మమ్మల్నంతే ఎలాగ?"

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న పిండి కలిపిన బేసిను చిన్నదైపోయింది. పిండి అంచు దాటి పొంగుతోంది. అటక మీద గోనెసంచిలో చుట్టి ఉన్న పెద్ద స్టీలు బేసిను దింపాను, కడిగాను, అందులోకి మార్చాను, స్కూటీ ముందర పెట్టుకుని పరిగెత్తాను. అది మా పెళ్లికి వచ్చిన కానుక. మా ఊరివాళ్లు స్టీలు సామాను కానుకిస్తే, ఎవరిచ్చారో పదికాలాలు తెలియాలని, అంచు మీద పేరు కొట్టించి ఇస్తారు. సువార్తమ్మ, బలిఘట్టం. చుక్కలు చుక్కలుగా, పెద్ద అక్షరాల్లో. పుస్తకాలు చదువుకున్నదాన్ని, పదో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, కళ్లెదురుగా ఉన్న పేరు చదువుకోలేదు.

సువార్తమ్మగారంటే మా అత్తగారికి స్వయానా అక్క. నాకు పెద్దత్తయ్య. బలిఘట్టమంటే మా ఊళ్లో కలిసిపోయిన పేటే, అక్కడే ఉంటారు. ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. ఎందుకో ఎవరూ చెప్పరు. బిస్కెట్ల మీదే ఏదో మాటా మాటా వచ్చిందని మాత్రం తెలుసు. ఆ క్రిస్మస్‌కే బేసిను అటకెక్కింది. ఆవిడే వచ్చి తప్పయిందనేదాకా తన ఇంట్లోది చిటికెడు ఉప్పు కూడా ఆ గుమ్మం తొక్కదని అత్తగారు శపథం పట్టారు. ఇప్పుడు ఉప్పు కాదు, ఆరు కేజీల బిస్కెట్లు తొక్కాయి. నా చేతి మీదుగా.

మా ఆయన వీరేంద్రకి ఫోన్ చేశాను. కరెంటాఫీసులో ఉద్యోగం. ఇంట్లో ఏ గొడవ మొదలైనా ఎక్కడో లైను తెగిపోయి ఆయన వెళ్లాల్సి వస్తుంది. అంతా విని, పెద్దమ్మ దగ్గరికి తను వెళ్తే బాగోదని, అమ్మకి తను చెప్తే అసలే బాగోదని, నువ్వే ఎలాగోలా మేనేజ్ చెయ్యమని పెట్టేశారు. పెళ్లయ్యాక ఈయన నాకిచ్చిన ఆస్తి ఆ మాటొక్కటే. ఆరేళ్లుగా అదే తిని అదే కట్టుకుంటున్నాను.

ఆయన పెట్టీ పెట్టగానే అత్తగారి ఫోను. సమాజం వాళ్లంతా వచ్చేశారట. ఏటా క్రిస్మస్ ముందు వాళ్లు మా హాల్లో కూర్చుని, బిస్కెట్లు కవర్లలో కట్టి, ఆస్పత్రిలో రోగులకి పంచుతారు. పాస్టరుగారి భార్య కూడా వచ్చి కూర్చున్నారట. కవర్లున్నాయి, దారం ఉంది, కట్టడానికి సరుకే లేదు. "ఏటే, ఇంకా అవలేదా? బేగి రా" అన్నారు లోగొంతుకతో. వేడిగా ఉన్నాయి అత్తయ్యా, ఆరబెడుతున్నారు అన్నాను. అబద్ధం అంత గబుక్కున ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఒకటే దారి. బలిఘట్టం వెళ్లడం, పొరపాటైందని చెప్పడం, బేసిను తీసుకుని వచ్చేయడం. ఎవరూ ఏమీ అడగకూడదు, నేను ఎవరికీ ఏమీ చెప్పకూడదు. అబీద్ సెంటర్లో పండగ రద్దీకి స్కూటీ ఇరుక్కుపోయింది. నక్షత్రాల లైట్లు బేరమాడేవాళ్లు దారంతా వాళ్లదే అయినట్టు నిలబడ్డారు. హారను కొట్టి కొట్టి నా బొటనవేలు నొప్పెట్టింది గానీ ఒక్కరూ జరగలేదు.

పెద్దత్తయ్య వసారాలో కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉన్నారు. చుట్టూ క్రిస్మస్‌కి ఇవ్వాల్సిన జాకెట్లు గుట్టగా ఉన్నాయి. ఒక్కటీ కుట్టట్లేదు. పక్క స్టూలు మీద మా బేసిను, గుడ్డ తీసి ఉంది. ఆవిడ చేతిలో సగం బిస్కెట్టు. కళ్లజోడు నెత్తి మీదకి తోసుకుని, ఆ సగాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. నన్ను చూసి లేవలేదు, రమ్మనీ అనలేదు. దారంతా వల్లించుకున్న ముక్క నేను మొదలుపెట్టేలోపే ఆవిడ మాట్లాడారు.

"మొత్తానికి ఒప్పుకుందన్నమాట మీ అత్త. నోటితో సెప్పలేక దీంతో పంపింది."

ఏమిటి ఒప్పుకోవడం అన్నాను. ఆ బిస్కెట్టు ముక్క నా ముక్కు దగ్గర పెట్టారు. నెయ్యి వాసన, యాలకుల వాసన వచ్చాయి. వాటి వెనకాల ఏదో చిన్న పులుపు.

"జీలుగు కల్లు. మా అమ్మ పోసినట్టే పోసింది."

నేను ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాను. అప్పుడు ఆవిడ చెప్పుకొచ్చారు. వాళ్లమ్మగారు మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసేవారట. అక్కడి దొరసాని నర్సు దగ్గర బిస్కెట్లు నేర్చుకున్నారట. దొరసాని డబ్బాలోంచి ఏదో పొడి వేసి పిండి పొంగించేది, ఆ పొడి వీళ్లకెక్కడ దొరుకుతుంది? ఏజెన్సీ నుంచి సంతకి జీలుగు కల్లు వచ్చేది. వీళ్ల నాన్న మహా తాగుబోతు, సంతరోజు కుండతో ఇంటికి తెచ్చుకునేవాడు. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చేలోపు అమ్మ అందులోంచి ఒక గ్లాసుడు వంచేసి పిండిలో పోసేదట.

"ఈ గళాసు పిండిలోకి ఎల్లింది గావట్టి మీ అయ్య పొట్టలోకి ఎల్లలేదు, యేసయ్యకి తోత్రం అనీది మా అమ్మ. అని నవ్వీది. ఏడాదంతా ఆ కుండని సూసి ఏడిసిన మనిషి ఆ ఒక్కనాడు నవ్వీది."

గొడవ అక్కడే వచ్చింది. మూడేళ్ల కిందట మా వంటింట్లో బిస్కెట్లు తింటూ, అమ్మ కల్లు పోసేది కదే, సోడా వేస్తే ఆ గుల్లతనం ఎక్కడొస్తుంది అన్నారట పెద్దత్తయ్య, మామూలుగానే. అత్తగారు అప్పుడే బెల్టు షాపు ఎత్తించి వచ్చారు. పేపర్లో ఫొటో పడింది. మా అమ్మ చేతికి కల్లు అంటగడతావా, ఆవిడ వంటింట్లో చుక్క ఎరగదు, ఇంకోసారి ఆ మాటంటే నా గుమ్మం తొక్కొద్దు అన్నారట. ఈవిడ తొక్కలేదు. ఇద్దరూ ఇద్దరే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనడంలో ఒకరికొకరు తీసిపోరు. రోజూ ఒకే వీధిలో కూరలు కొంటారు, ఒకే చర్చిలో చెరో వైపు కూర్చుంటారు.

ఇక్కడ నాకు నిన్నటి పిండి గుర్తొచ్చింది. పెద్దత్తయ్య నాలుక మీద నాకు అనుమానం లేదు. పిండి కలుపుతుంటే మధ్యలో అత్తగారు నన్ను యాలకుల కోసం కొట్టుకి తోలారు. డబ్బాలో యాలకులున్నాయి అత్తయ్యా అంటే, పాతవి పనికిరావన్నారు. తిరిగొచ్చేసరికి పిండి జారుగా ఉంది, పుల్లటి వాసనేస్తోంది. పెరుగు వేశానన్నారు. నేను సరేనన్నాను. ఆ తరవాతే పిండి ఊరి ఊరి బేసిను దాటింది. పులియడం గురించి బోర్డు మీద బొమ్మ గీసి మరీ పాఠం చెప్తాను. నా చేతికింద పులుస్తున్నదేమిటో నాకు తెలియలేదు.

ఆవిడ కల్లు పోశారు. బెల్టు షాపు ఎత్తించిన పుష్పవతిగారు. ఎక్కడినుంచి తెప్పించారో, ఎవరిచేత తెప్పించారో, అన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు పోశారో ఆ పైవాడికే తెలియాలి.

"పిల్లా," అన్నారు పెద్దత్తయ్య. "దానికి సెయ్యి బెణికిందని నాకు తెలుసు. తెలిసి కూడా నాను ఎల్లలేదు. ఆ సేత్తోటే ఇయ్యి కలిపి, నా పేరున్న బేసిన్లోనే పెట్టి పంపింది. పంపింది కదా?"

ఇదిగో ఇక్కడ నేను నిజం చెప్పాలి. పంపలేదు పెద్దత్తయ్యా, బేసిను మారింది, నాదే తప్పు, ఇచ్చేయండి అనాలి. అంతే మాట. నోటిదాకా వచ్చింది కూడా. ఆవిడ నా మొహం చూసి ఏం కనిపెట్టారో, చేతిలో సగం బిస్కెట్టుని బేసిన్లో పెట్టేశారు. గుడ్డ తీసుకుని మూట కట్టడం మొదలుపెట్టారు. "పంపకపోతే తీసికెళిపో. పరాయోళ్లది నాకొద్దు" అన్నారు. ముడి పడట్లేదు. నాకు ఈ ఇద్దరి మీదా ఒళ్లు మండిపోయింది. నవ్వుతూ ఒక గ్లాసుడు కల్లు పోసిన ఆ తల్లి కడుపున పుట్టి, దాని మీద మూడేళ్లు ఎడమొహం పెడమొహం ఏమిటి? ఇంకో మూడేళ్లు నేను ఈ అడకత్తెరలో పోకచెక్కలా పడి ఉండాలా?

"పంపారు," అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. తరవాత కళ్లు తుడుచుకున్నారు. నేను హమ్మయ్య అనుకున్నాను. సగం ఇక్కడ ఉంచి, సగం పట్టుకుపోయి, మిగతావి మాడిపోయాయని ఇంట్లో చెప్పి గట్టెక్కుదామని లెక్క వేసుకున్నాను. లెక్క ఇంకా పూర్తికాలేదు, ఆవిడ లేచి నిలబడ్డారు.

"అయితే పద. సెల్లి సెయ్యి సాపితే నాను కూకుంటానేటి ఇక్కడ?"

ఇప్పుడొద్దు, రేపు రండి, ఇంటినిండా జనం ఉన్నారు, జాకెట్లు కుట్టుకోవాలి కదా అని నెత్తీ నోరూ బాదుకున్నాను. వింటేనా. చర్చికి కట్టే చీర తీశారు, అది కాదని ఇంకోటి తీశారు, తల దువ్వుకున్నారు, మిషను మీద గుడ్డ కప్పారు, కప్పిన గుడ్డ మళ్లీ సర్దారు. ఈలోగా నా ఫోను మోగుతూనే ఉంది. చివరికి బేసినుని ఒళ్లో పెట్టుకుని స్కూటీ వెనకాల కూర్చున్నారు. దాని అంచు నా వీపులో గుచ్చుకుంటోంది. గుంత వచ్చినప్పుడల్లా ఆవిడ బేసినుకి జాగ్రత్త చెప్తున్నారు, నాకు కాదు. దారిలో ఒకటే బతిమాలుకున్నాను. హాల్లో సమాజం వాళ్లుంటారు పెద్దత్తయ్యా, పాస్టరమ్మగారుంటారు, కల్లు మాట మాత్రం ఎత్తకండి అన్నాను.

"నాకా మాత్రం బుద్ది నేదేటి? నాను ఎత్తను," అన్నారు.

ఆవిడ నిజంగానే ఎత్తకూడదనుకున్నారు. ఆ సంగతి మాత్రం నేను ఎక్కడైనా చెప్తాను.

గుమ్మంలో చెప్పులు గుట్టగా ఉన్నాయి. మేమిద్దరం లోపలికి అడుగుపెట్టేసరికి మాటలు ఆగిపోయాయి. అందరికీ అక్కచెల్లెళ్ల సంగతి తెలుసు. అత్తగారు మధ్యలో కుర్చీలో, పట్టీ కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అక్కని చూశారు, బేసినుని చూశారు, బేసిను అంచుని చూశారు. ఆఖర్న నన్ను చూశారు. పెద్దత్తయ్యకి అదేం పట్టలేదు. తిన్నగా వెళ్లి చెల్లెలి ముందర నిలబడ్డారు.

"నువ్వు పంపినియ్యి తిన్నానే పుష్పా. అందుకే వొచ్చీసేను."

అత్తగారు, నేనెప్పుడు పంపాను అంటారని కళ్లు మూసుకున్నాను. అనలేదు. పదిమంది చూస్తున్నారు. పాస్టరమ్మగారు అప్పటికే రెండు చేతులూ జోడించి, క్రిస్మస్ ముందు ఎంత మంచి సాక్ష్యం, పుష్పవతిగారే ముందు తగ్గారు అంటున్నారు. అత్తగారు "రా అక్కా, కూర్చో" అన్నారు. పక్క కుర్చీ జరిపారు. పెద్దత్తయ్య కూర్చుని, ఆ కట్టు కట్టిన చేతిని తన చేతిలోకి తీసుకుని, నొప్పిగా ఉందేటే అని అడిగారు. అత్తగారు చెయ్యి లాక్కోలేదు. నాకు అంతవరకే చాలు. అప్పటికప్పుడు ఆ క్షణాన్ని అక్కడే ఆపేసి అందరినీ ఇళ్లకి పంపేయగలిగితే ఎంత బాగుండేది.

కవర్లు కట్టడం మొదలైంది. ఎవరో పాస్టరమ్మగారికి ఒక బిస్కెట్టు అందించారు. ఆవిడ కొరికారు. ఆగారు. మళ్లీ కొరికారు. ఇంత గుల్లగా, ఇంత కమ్మగా ఎప్పుడూ కుదరలేదు పుష్పవతిగారూ, ఈసారి కొత్తగా ఏం వేశారో మాకూ చెప్పాలి అన్నారు. పక్కనున్నవాళ్లూ తలో బిస్కెట్టు తీసుకున్నారు. అందరూ అవునంటే అవునన్నారు.

అత్తగారు నిటారుగా కూర్చున్నారు. సమాజంలో మాట్లాడేటప్పుడు ఆవిడకి వేరే భాష వస్తుంది. "కొత్తగా ఏమీ లేదండి. మా అమ్మగారు ఎలా చేసేవారో అలాగే. మైదా, నెయ్యి, పంచదార, చిటికెడు సోడా. మా అమ్మగారు జీవితమంతా అంతకు మించి ఏమీ కలిపి ఎరగరు."

పెద్దత్తయ్య చేతిలో ఉన్న చెల్లెలి చెయ్యి జారింది. జారిందో ఆవిడే వదిలేశారో నేను చూడలేదు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. వద్దు పెద్దత్తయ్యా అని తల అడ్డంగా ఊపుతున్నాను. ఆవిడ నావైపు చూడట్లేదు.

"సోడా యేటే," అన్నారు నెమ్మదిగా. "అంతకి మించి కలపలేదా? మన ఇంట్లో సోడా ఎక్కడుండీది? ఇంకా అలాగే అంటావేటే?"

అత్తగారు కవరు అందుకుని బిస్కెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అక్క పాతకాలం మనిషి, ఏవేవో అంటుంది అని నవ్వారు. ఆ నవ్వు నవ్వకుండా ఉంటే సరిపోయేది.

"అమ్మ కల్లు పోసీది," అన్నారు పెద్దత్తయ్య. హాలంతటికీ వినపడింది. "అయ్య కుండలోంచి తీసి పోసీది. నీకూ తెలుసు, నాకూ తెలుసు. తెలుసు గావట్టే నువ్వూ పోసేవు. పోసి నాకు పంపేవు. ఒప్పుకున్నావనుకుని పరిగెట్టుకొచ్చేను కదే. మళ్లీ నా మొకం మీదే అమ్మని అబద్దం సేస్తావా?"

ఒకావిడ నోట్లో పెట్టుకోబోతున్న బిస్కెట్టుని మెల్లిగా కింద పెట్టేసింది. ఇంకొకావిడ తిన్నది ఏం చెయ్యాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బట్టీలో కాలాక అందులో కల్లు ఏముంటుందండీ, ఆవిరైపోతుంది, వాసన తప్ప ఏమీ మిగలదు అని సైన్సు టీచరుగా నేను చెప్పాల్సింది. పాస్టరమ్మగారు సగం కొరికిన బిస్కెట్టుని అరచేతిలో పెట్టుకుని అత్తగారి వైపే చూస్తున్నారు. బెల్టు షాపు ముందు చాప మీద ఆవిడ పక్కనే కూర్చున్న మనిషి. ఇది నిజమేనా పుష్పవతిగారూ అని అడగలేదు. అడగకుండా చూడటం అంతకన్నా కష్టంగా ఉంది.

అత్తగారి మొహంలో రంగు పోయింది. నాకు ఆవిడ మీద మొదటిసారి జాలేసింది. ఒప్పుకోండి అత్తయ్యా, అమ్మని ఒక్కసారి తలుచుకుని పోసుకున్నానని చెప్పేయండి, ఎవరూ ఏమీ అనరు, అంటే నేనున్నాను అని మనసులో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆవిడ కవరు పక్కన పెట్టారు. కొంగు సర్దుకున్నారు. నావైపు చూడలేదు. పాస్టరమ్మగారి వైపు తిరిగి, రిపోర్టు చదివే గొంతుతో, ఒక్కో మాటా విడదీసి చెప్పారు.

"ఆ పిండి కలిపింది నా కోడలండి. మొదట్నుంచి చివరిదాకా తనే. ఈ చెయ్యి బెణికినప్పట్నుంచీ నేను పిండి ముట్టుకోలేదు."

ఆరేళ్లుగా ఈ మాట కోసం కాచుకుని ఉన్నాను. ఆవిడ నోటంట, నలుగురి ముందూ వినాలని కాచుకుని ఉన్నాను. విన్నాను. హాల్లో ఉన్న ప్రతి తలా నావైపు తిరిగింది. హిందువుల పిల్ల, మన పండగ బిస్కెట్లలో కల్లు పోసింది అని ఏ ఒక్కరూ అనలేదు. అనాల్సిన పని లేదు.

పెద్దత్తయ్య తెల్లబోయి ఒకసారి చెల్లెల్నీ, ఒకసారి నన్నూ చూశారు. పాస్టరమ్మగారు గొంతు సవరించుకున్నారు. ఎంతో మెత్తగా, తప్పు చేసిన చిన్నపిల్లని దగ్గరకి పిలిచి అడిగినట్టు అడిగారు.

"నువ్వే పోశావా సాయిలక్ష్మీ?"

అప్పుడు మా అత్తగారు నావైపు చూశారు.